బెల్టు మీద కుట్టు

ఆ కారు మా కొట్టు ముందుకు వచ్చిన రోజున దానికి తలుపులు రెండు, సీట్లు రెండు, శత్రువు మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరు మా అత్తయ్య.

మాది కార్ల సీట్లు కుట్టే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఇంట్లో మాట కొట్లోకి, కొట్లో దుమ్ము ఇంట్లోకి వస్తూనే ఉంటాయి. కొట్టు అత్తయ్యది. ముప్పై ఏళ్ళలో ఆవిడ కుట్టిన సీటు కుట్టు ఊడిందని తిరిగి వచ్చినవాళ్ళు లేరు. ఈ సంగతి ఆవిడ చెప్పదు, ఎదుటివాళ్ళ చేత చెప్పిస్తుంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. సూది పట్టడం, తోలు కోయడం అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

కారు తెచ్చింది ఆవిడ కూతురే, నా ఆడపడుచు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని ఇంట్లో తూనీగ అనేవాళ్ళట, ఆ పేరే నిలిచిపోయింది. తూనీగ డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది. వారమంతా గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకుండా, పక్కవాళ్ళ పాదం వంక చూస్తూ కూర్చునే మనిషికి ఆదివారం ఏం బుద్ధి పుడుతుందో చెప్పక్కర్లేదు. ఎవరో వదిలించుకున్న పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. ఇంజన్ బాగుచేయించింది. వేసవి చివర కొండదారి మీద జరిగే పందేనికి పేరు కూడా ఇచ్చేసింది. అది ఏడాదికి ఒక్కసారే. ఒక్కొక్క కారూ విడిగా కొండ ఎక్కుతుంది, ఎవరు తక్కువ సమయంలో ఎక్కితే వాళ్ళు గెలిచినట్టు.

ఆ పందెంలో మామూలు సీటును ఒప్పుకోరు. ఒంటిని దొప్పలా పట్టుకునే రేసు సీటు కావాలి. దానికి ఆరు పట్టీల బెల్టు కావాలి. భుజాల మీంచి రెండు, నడుము పక్కల నుంచి రెండు, తొడల మధ్య నుంచి రెండు వచ్చి పొట్ట దగ్గర ఒకే తాళంలో కలుస్తాయి. తూనీగ రెండూ పెట్టెల్లో తెప్పించి కొట్లో దించింది.

అత్తయ్య పెట్టె తెరిచి సీటు మీద చెయ్యి వేసి చూసింది. మెత్తదనం ఎక్కడా లేదు. "సీటంటే మనిషి కూర్చోడానికి. కట్టేసుకోడానికి కాదు," అంది. ఇక మిషన్ మీదికి వంగితే ఆ పూట తలెత్తలేదు. ఆ రోజు నుంచి కారు దగ్గరికి రావడం మానేసింది. బజారుకు వెళ్ళాలన్నా కారు కనపడకుండా పెరటి గుమ్మంలోంచే వెళ్ళేది.

మా ఆయన సరుకుల లారీ నడుపుతాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే ఒకరోజు తల్లి దగ్గర "నువ్వన్నది నిజమేనమ్మా" అని, రెండోరోజు చెల్లెలి దగ్గర "కానివ్వు, చూద్దాం" అని వెళ్ళిపోయేవాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. దాంతో సీటు బిగించే పని నా నెత్తిన పడింది. నిజానికి పడలేదు, నేనే ఎత్తుకున్నాను. తొమ్మిదేళ్ళుగా సీట్లకు బట్టలు తొడుగుతున్నాను. బట్టల కింద ఏముందో, సీటును నేలకు పట్టి ఉంచేదేమిటో చూడాలని నాకూ ఉండేది.

ముందు బ్యాటరీ తీగ విప్పి పాత సీట్లు ఊడదీశాం. ఒక్కో సీటుకు నాలుగు బోల్టులు. మూడు మర్యాదగా వచ్చాయి, నాలుగోది తుప్పుపట్టి మొండికేసింది. నూనె పోసి, భోజనం చేసి వచ్చేసరికి దాని మనసూ కరిగింది. సీటు కింద ఒక దువ్వెన, మూతలేని పెన్నులు రెండు, ఒంటి చెవిపోగు దొరికాయి. పాత యజమాని సంసారమంతా ఇక్కడే ఉందని తూనీగ ఒకటే నవ్వు.

రేసు సీటు ముందుకూ వెనక్కూ జరగదు. ఒక మనిషి కొలతకు బిగిస్తే బిగించినట్టే. అందుకని తూనీగను అందులో కూర్చోబెట్టి, కింద చెక్కముక్కలు పెడుతూ తీస్తూ ఒక పూటంతా కొలతలు తీశాను. వీపు సీటుకు ఆనాలి. పెడల్ అడుగంటా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. నేను సుద్దతో గీత గీసేలోపల ఆవిడగారు మూడుసార్లు అటూ ఇటూ తిరిగేది. నిన్ను చూసే ఈ బెల్టు కనిపెట్టి ఉంటారన్నాను.

సీటు కంటే బెల్టు కొసలు పట్టే పని పెద్దది. బెల్టు ఎంత గట్టిదైనా దాని కొస ఉన్న చోట రేకు చిరిగితే ఏం లాభం? కారు అడుగు ఉత్త రేకు. అందుకని చిల్లు వేసిన ప్రతిచోటా కింద అరచేతి వెడల్పున మందపాటి ఇనుప ప్లేటు పెట్టి, బోల్టు అందులోంచి దిగేలా చేశాం. అప్పుడు లాగుడు ఒక్క చిల్లు మీద పడకుండా ప్లేటంతా పంచుకుంటుంది. డ్రిల్లు పెట్టేముందు కారును ఎత్తి నిలబెట్టి కిందికి దూరి చూశాను. చూడబట్టి సరిపోయింది. నేను గుర్తుపెట్టిన చోటికి సరిగ్గా కిందుగా బ్రేకు గొట్టం పోతోంది. చిల్లు రెండంగుళాలు పక్కకు జరిపాను. ఈ సంగతి తూనీగకు ఇప్పటికీ చెప్పలేదు.

భుజం పట్టీలకు సీటు వెనక అడ్డంగా ఒక ఇనుప గొట్టం ఉండాలి, భుజం ఎత్తులోనో ఒక పిసరు కిందుగానో. పక్కవీధి వెల్డరు వచ్చి అతికించాడు. పోతూ పోతూ కొట్లోకి తొంగిచూసి, పెద్దావిడ ఏమంటోందని గొంతు తగ్గించి అడిగాడు. ఏమీ అనడం లేదు, అదే భయంగా ఉందన్నాను.

బెల్టు పెట్టెలో ఒక చిన్న పుస్తకం వచ్చింది. చివరి పేజీలో బొమ్మలున్నాయి. కత్తెర బొమ్మ మీద ఎర్రగీత, సూది బొమ్మ మీద ఎర్రగీత, రంగుడబ్బా మీద ఎర్రగీత. పట్టీని కోయకూడదు, కుట్టకూడదు, రంగు వేయకూడదు. చదివి సొరుగులో పడేశాను. ఇంట్లో సూది పట్టేవాళ్ళం ఇద్దరం. ఒకరు చదివారు, రెండోవారు కారు ఛాయలకే రారు. ఇంకెవరికి చెప్పాలి అనుకున్నాను. ఆ వేసవిలో జరిగిన తప్పుల్లో మొదటిది అదే, అది నాది.

తూనీగ ఆదివారాలు మూతపడ్డ ఫ్యాక్టరీ ఆవరణలో సాధన చేసేది. మొదటి ఆదివారం మెడ ఎడమపక్క ఎర్రగా వచ్చింది. భుజం పట్టీ అంచు ఒరుసుకున్న గుర్తు. కాలరు పైకెత్తుకోమని నేను సలహా ఇచ్చాను. రెండో ఆదివారం రెండు పక్కలా ఎర్రబడింది. మూడో ఆదివారం చర్మం లేచిపోయి, భోజనం దగ్గర తల తిప్పడానికే మూలిగింది. అత్తయ్య చూసింది. ఎలా తగిలిందని అడగలేదు, మందు రాయమనీ అనలేదు. గిన్నె ఇటు జరిపి "తిను" అంది, అంతే. ఈవిడ గుండె రాయి అనుకున్నాను.

పందేనికి ముందురోజు పొద్దున్న తూనీగ క్లాసుకు బయల్దేరుతూ గుమ్మంలో నన్ను గట్టిగా పట్టుకుంది. దాని మొహం వెలిగిపోతోంది.

"కారులో చూడు వదినా. అమ్మ కుట్టింది. నేనేం అడగలేదు, నువ్వూ అడక్కు. అడిగితే విప్పేస్తుంది."

స్పానరు తీసుకుని వెళ్ళాను. ఎలాగూ ఆ రోజు బోల్టులన్నీ ఒకసారి బిగించి చూడాలి. భుజం పట్టీలు రెంటికీ, మెడ తగిలే చోట, జానెడు పొడవున తోలు తొడుగులున్నాయి. ఎవరికీ వాడకుండా ఏళ్ళ తరబడి బీరువాలో దాచిన మెత్తటి గోధుమరంగు తోలు. లోపల పలచటి ఫోము. అంచులు చర్మానికి తగలకుండా లోపలికి మడిచి ఉన్నాయి. వేలితో తోసి చూశాను, తొడుగు జరగలేదు. తిప్పి చూస్తే కుట్లు పట్టీలోంచి అవతలికి దిగి ఉన్నాయి. చిన్న చిన్న కుట్లు, గీత గీసినట్టు ఒకే వరసలో, కొస దగ్గర మూడుసార్లు వెనక్కి. అలా మూడుసార్లు వెనక్కి వేసే చెయ్యి నాకు తెలిసి ఒక్కటే.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే, దాచడమెందుకు, కొంచెం సంతోషం కూడా వేసింది. అత్తయ్య కుట్టులో తప్పు దొరికింది, పట్టింది నేను. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. మర్నాడు ఆ పట్టీలనే నమ్ముకుని ఒక పిల్ల కొండ ఎక్కబోతోందని గుర్తొచ్చింది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఇక్కడ కుండ కొట్టింది అత్త, పెంకులు చూపించాల్సింది కోడలు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఏ సామెతా చెప్పదు. సొరుగులోంచి పుస్తకం తీసుకుని, బెల్టు విప్పి చేత్తో పట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, దీని మీద కుట్టకూడదు."

మిషన్ ఆగలేదు. "ఊరికే తొడిగితే జారిపోతుంది. జారితే మళ్ళీ మెడకే తగులుతుంది. అందుకే కుట్టాను."

"జారినా ఫరవాలేదు. సూది దిగకూడదు."

అప్పుడు ఆగింది. "ఏం, నా కుట్టు ఊడుతుందా?"

"మీ కుట్టు ఊడదు. బెల్టు తెగుతుంది."

పుస్తకం చూపించాను. సూది మీద ఎర్రగీతను ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత పట్టీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, తొడుగు అంచు పక్కకు లాగి, వెలుగులో పెట్టి చూసింది. నేను వివరించాల్సింది ఏమీ లేకపోయింది. కుట్లు మరీ దగ్గరగా వేస్తే ఎంత మంచి తోలైనా ఆ చిల్లుల వెంబడే కాగితంలా చిరుగుతుందని నాకు నేర్పిందే ఆవిడ.

"ఒక్కో పట్టీకి నూట ఇరవై కుట్లు," అంది. "విప్పేస్తేనో?"

"చిల్లులు పోవు."

"కొత్తది?"

"తొమ్మిది రోజులు పడుతుంది."

పందెం వాళ్ళు ముందుగా కార్లు చూస్తారు కదా, వాళ్ళు పట్టుకోరా అని అడిగింది. పట్టుకోవచ్చు, పట్టుకోకపోనూ వచ్చు, మీ పని అంత శుభ్రంగా ఉందన్నాను. ఆ మాట విని ఆవిడ మొహం ఎలా అయిందంటే, అనకుండా ఉండాల్సింది అనుకున్నాను.

రెక్సిన్ కోసే పెద్ద కత్తెర తీసింది. తొడుగుకు జానెడు పైన పెట్టి నొక్కింది. పట్టీ ఒక పట్టాన తెగలేదు. మూడోసారికి తెగింది. రెండోదీ కోసింది. నాలుగు ముక్కలూ బల్ల మీద వరసగా పెట్టి, పొద్దున్న సగంలో ఉన్న సీటు కవరు మళ్ళీ మిషన్ కింద పెట్టింది.

మధ్యాహ్నం తూనీగ వచ్చింది. బల్ల మీద చూసింది. ఎవరు కోశారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య చెప్పింది.

"నేనే. నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు."

"మరి కుట్టిందెందుకమ్మా?"

"కుట్టాక మనసు మారింది."

తూనీగ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లోపలికి వెళ్ళి సంచిలో బట్టలు సర్దుకుంది. స్కూల్లో తనతో పనిచేసే అమ్మాయి గదికి వెళ్తున్నానంది. వెళ్తూ నా ముందు ఆగింది. "నువ్విక్కడే ఉన్నావుగా వదినా, ఆపలేదేం?" అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అది వీధి మలుపు తిరిగాక అత్తయ్యను నిలదీశాను. అంత అబద్ధం ఎందుకన్నాను.

"కోపం నాలుగు రోజుల్లో పోతుంది. భయం పోదు," అంది. "ఆ సీట్లో కూర్చున్నప్పుడల్లా మా అమ్మ చేతిపని నమ్మి చావబోయానని గుర్తొస్తే, అది బండి నడుపుతుందా? ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి."

అందులో సగం నిజం. మిగతా సగం ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కూతురి దగ్గర రాక్షసి అనిపించుకోవడానికైనా సిద్ధపడింది గానీ, తన కుట్టు తప్పిందని అనిపించుకోలేకపోయింది. నాకు జాలేసింది, ఒళ్ళూ మండింది. అయినా సరేనన్నాను.

మర్నాడు పందెం జరిగింది. మేం దాని ఊసెత్తలేదు. ఆ వారం అత్తయ్య ఒక్క సీటూ పూర్తిచెయ్యలేదు. మిషన్ ముందు కూర్చుని దారం ఎక్కించేది, తీసేది, మళ్ళీ ఎక్కించేది. వచ్చిన పనంతా నా వైపు తోసింది. మా ఆయన వచ్చి తల్లితో ఒకటి, చెల్లెలికి ఫోన్ చేసి ఇంకొకటి మామూలుగానే చెప్పాడు. ఈసారి ఇద్దరూ ఆయన్ని లెక్కచెయ్యలేదు. నాలుగు రోజులు దాటినా కోపం పోలేదు.

పట్టీలు కోసిన రోజే నేను తెప్పించమన్న కొత్త బెల్టు పదో రోజున వచ్చింది. ఇంకో నాలుగు రోజులకు బిగించడానికి కూర్చున్నాను. నడుము పట్టీలు అయి, భుజం పట్టీలు గొట్టానికి చుడుతుండగా తూనీగ వచ్చింది. తాళాలు ఇవ్వమంది. కారుకు బేరం కుదిరిందట, కొనేవాడు మర్నాడు వచ్చి తీసుకెళ్తాడట.

"ఇష్టం లేదని ముందే చెప్పి ఉంటే బాధపడేదాన్ని కాదు. కుట్టి మరీ కోసింది. ఇంక ఈ కారుతో నాకు పనిలేదు, ఈ ఇంటితోనూ లేదు," అంది.

అత్తయ్యకు ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే తప్పాను. సొరుగులోంచి పుస్తకం, కోసిన ముక్కలు తెచ్చి దాని ఒళ్ళో పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. తూనీగ ఒక ముక్క తీసుకుని, తొడుగు కొస కుట్లు నాలుగు విప్పి, పట్టీని వంచి ఎండకు ఎదురుగా పట్టింది. చిల్లుల్లోంచి వెలుగు సూదిమొనల్లా కనిపించింది.

"ఆ రోజే చెప్పలేదేం?"

"చెబితే నమ్మేదానివా? అత్త కుట్టుకు కోడలు వంక పెట్టిందనుకునేదానివి."

"అనుకునేదాన్నే," అంది. బేరం కుదుర్చుకున్న మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. తర్వాత కొట్లోకి నడిచింది, వెనకే నేను.

అత్తయ్య మిషన్ ముందు ఉంది. కూతుర్ని చూసి దారం వంక చూసింది.

"అమ్మా, మెడ ఇంకా మండుతోంది. ఏదైనా కుట్టిపెట్టు."

"ఆ బెల్టుకు నేను కుట్టను."

"బెల్టుకు కాదు. నాకు కుట్టు."

అత్తయ్య చెయ్యి దారం మీద ఆగింది. కూతురి వంక కాదు, నా వంక చూసింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు," అంది.

లేచి టేపు తీసింది. తూనీగను వెలుగులో నిలబెట్టి మెడకు చుట్టింది. తల తిప్పమంది, వంచమంది, గుటక వెయ్యమంది. చర్మం లేచి ఇంకా మానని చోట టేపు తగలకుండా తన వేలు అడ్డుపెట్టింది. అలా కొలుస్తూనే కొండ మీద మలుపులెన్ని అని అడిగింది. పధ్నాలుగు అని చెప్పి తూనీగ ఏడ్చేసింది. కదలకు, కొలత తప్పుతుందని అత్తయ్య కసిరింది.

మిగిలిన గోధుమరంగు తోలంతా దానికే పట్టింది. మెడచుట్టూ పెట్టుకుని వెనక గుండీ వేసుకునే పట్టీ, లోపల పలచటి ఫోము. సాయంత్రానికి అయిపోయింది. తూనీగ చెయ్యి చాపింది. అత్తయ్య దానికి ఇవ్వలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, తను కుట్టింది తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చూడు," అంది.

అటూ ఇటూ తిప్పి చూశాను. బాగుంది అంటే సరిపోయేది. ఆ పూట ఇంట్లో అందరం ఆ మాట కోసమే చూస్తున్నాం. కానీ ముందుభాగంలో, సరిగ్గా గొంతు తగిలే చోట, దారం ముడి ఒకటి లోపలికి పొడుచుకొచ్చి వేలికి తగిలింది.

"ఇక్కడ గుచ్చుకుంటుందత్తయ్యా," అన్నాను.

అత్తయ్య పట్టీ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, నేను చూపించిన చోట తనూ వేలు పెట్టి చూసింది.

"అవును," అని, ఆ కుట్టు విప్పడం మొదలుపెట్టింది.